ఇచ్చినంత మాత్రాన వాటా తీరదు

గుంటూరు

చిరంజీవి తమ్ముడికి,

  

నీ ఉత్తరం అందింది. తెనాలి ఇల్లు అబ్బాయికి, మంగళగిరి వైపున్న స్థలం అమ్మాయికి, మూడెకరాల పొలం కూడా అబ్బాయికే, బ్యాంకులో ఉన్న ఇరవై లక్షల్లో సగం కోడలి పేర, సగం మనవరాలి పేర పెట్టి శ్రావణం వెళ్ళేలోగా అన్నీ ముగించేస్తానని రాశావు. కారణాలు రెండు చెప్పావు. వారసత్వ పన్ను మళ్ళీ వస్తుందేమోనని ఒకటి, నీ తర్వాత పిల్లలు పోట్లాడుకోకూడదని ఇంకొకటి. మొదటి కారణానికి ఈ రోజున ఆధారం లేదు. రెండోది మంచి కోరికే గాని, నువ్వు వేసుకున్న పద్ధతిలో చేస్తే లేని తగువు పుడుతుంది.

నా ఉద్యోగమంతా రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే గడిచింది కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బతికుండగా పిల్లలకు ఇచ్చేదాంట్లో పన్ను చిక్కు తక్కువ, వారసత్వపు చిక్కు ఎక్కువ. జనం దీన్ని తలకిందులుగా అనుకుంటారు. పన్ను గురించి ఆడిటరును నాలుగుసార్లు అడుగుతారు, వారసత్వం గురించి ఎవర్నీ అడగరు. ఒకసారి దానం చేసింది వెనక్కి రాదు. దానం పుచ్చుకున్న బిడ్డకు మిగిలిన ఆస్తిలో వాటా తగ్గదు. ఈ రెండు సంగతులూ తెలిసి ఇస్తే మేలే. తెలియక ఇస్తే పిల్లలు కోర్టు మెట్లెక్కుతారు.

పన్ను సంగతి ముందు తేల్చేద్దాం. ఒకప్పుడు మన దేశంలో మనిషి పోతే అతని ఆస్తి మీద పన్ను పడేది. 1953లో ఎస్టేట్ డ్యూటీ చట్టం తెచ్చారు. పెద్ద ఆస్తులకు పై అంచెలో అది 85 శాతం దాకా వెళ్ళింది. పోయే ముందు రెండేళ్ళలో చేసిన దానాలను కూడా ఆ లెక్కలో కలిపేవారు. బతికుండగానే పంచేసి తప్పించుకోకుండా 1958లో గిఫ్ట్ టాక్స్ కూడా వచ్చింది. 1985లో వి.పి. సింగ్ ఆర్థిక మంత్రిగా ఉండగా ఎస్టేట్ డ్యూటీని ఎత్తేశారు. 1998 అక్టోబరు 1 నుంచి గిఫ్ట్ టాక్స్ పోయింది. 2015 బడ్జెట్‌లో సంపద పన్ను కూడా పోయింది. 2024 ఎన్నికల ప్రచారంలో వారసత్వ పన్ను అనే మాట టీవీల్లో మోగింది గాని అది మాటగానే మిగిలింది. రేపెవరైనా నిజంగా తెచ్చినా, పాత చట్టంలాగే ఈమధ్య ఇచ్చిన దానాలను కూడా కలుపుకుంటే నువ్వేం చేస్తావు? రాని పన్నుకు జడిసి ఉన్న ఇల్లు ఇచ్చెయ్యకు.

ఇప్పుడున్న చట్టంలో, ఇచ్చినవాడికి దానం మీద పన్ను లేదు. పుచ్చుకున్నవాడికి మాత్రం ఒక నియమం ఉంది. బయటివాళ్ళ దగ్గర్నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ముడితే ఆ మొత్తమంతా అతని ఆదాయం కింద లెక్క. పెళ్ళిలో వచ్చిన కానుకలకు, వీలునామా ద్వారాగానీ వారసత్వంగాగానీ వచ్చినదానికి, దగ్గరి బంధువులు ఇచ్చినదానికి ఆ పన్ను లేదు. తల్లిదండ్రులు, తాతలు, అత్తమామలు, తోడబుట్టినవాళ్ళు, అమ్మానాన్నల తోడబుట్టినవాళ్ళు అందరూ ఆ బంధువుల్లోకి వస్తారు. అందులో ఒక తమాషా ఉంది చూడు. మేనత్తగా నేను నీ కూతురికి ఎంతిచ్చినా తనకు పన్ను లేదు. అదే తను నాకు 50,000 దాటి ఇస్తే నేను పన్ను కట్టాలి. బంధుత్వాన్ని పుచ్చుకునేవాళ్ళ వైపు నుంచే చూస్తారు, ఆ జాబితాలో అన్నదమ్ముల పిల్లలు లేరు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి. ఈ పద్ధతి మాత్రం అదే.

కాబట్టి ఇల్లయినా స్థలమయినా పిల్లల పేర రాసినందుకు ఆదాయపు పన్ను ఉండదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటాయి. కుటుంబంలోవాళ్ళకు రాసే దాన సెటిల్‌మెంటుకు అమ్మకం దస్తావేజు కంటే తక్కువే పడుతుంది. కానీ అది కూడా ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ మీద. వీలునామాకు స్టాంపు డ్యూటీ అసలే లేదు. ఆ తేడా మనసులో పెట్టుకో.

ఇక ఆ ఇరవై లక్షలు. వడ్డీ మీద పన్ను మిగులుతుందని కోడలి పేర పది, మనవరాలి పేర పది అనుకున్నావు. ఏడు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి లక్షా నలభై వేలు. మామగారు కోడలికి ఉత్తపుణ్యానికి ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీని చట్టం మామగారి ఆదాయంలోనే కలుపుతుంది. భార్యకు ఇచ్చినా అంతే. అంటే కోడలి పేర పెట్టినదాని మీద ఇక్కడ పన్ను కట్టేది నువ్వే. పైగా కోడలు అబ్బాయితో డాలస్‌లో ఉన్నది కనుక అక్కడి రిటర్నులో కూడా తను ఆ వడ్డీ చూపాలి. మనవరాలు మైనరు. మైనరు పేర వచ్చే ఆదాయం తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ళ ఆదాయంలో కలుస్తుంది. దాని తల్లిదండ్రులు, అంటే హైదరాబాదులో ఉన్న అమ్మాయి, అల్లుడు, ఇద్దరూ పై స్లాబులో ఉన్నారు. పింఛను మీద కొద్దిపాటి పన్ను కట్టే నీ దగ్గర్నుంచి తీసి, ముప్ఫై శాతం కట్టే అల్లుడి నెత్తిన పెట్టడానికా ఈ శ్రమంతా? మేజరైన కొడుక్కో కూతురికో ఇస్తే ఈ కలపడం ఉండదు. కానీ వాళ్ళ స్లాబు నీకంటే పైనుంటే అక్కడా లాభం లేదు. ఆ డబ్బు నీ పేర, మరదలి పేర ఉండనీ. ఈ వయసులో ఆసుపత్రి ఖర్చు ముందు చెప్పి రాదు.

డబ్బుగా ఏదైనా ఇవ్వదలిస్తే బ్యాంకు ద్వారానే పంపు. నోట్ల రూపంలో రెండు లక్షలుగానీ అంతకు పైగానీ పుచ్చుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు. పుచ్చుకున్నవాళ్ళకు అంతకు అంత జరిమానా పడుతుంది, కన్న కొడుకైనా సరే. తెల్లకాగితం మీద ఎవరు ఎవరికి ఎంత, ఏ తారీఖున ప్రేమతో ఇచ్చారో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి ఉంచుకోండి. అప్పుగా ఇచ్చావా, ఊరికే ఇచ్చావా అని పదేళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే ఆ కాగితమే జవాబు చెబుతుంది.

దానం రోజున పడని పన్ను అమ్మిన రోజున ఎదురవుతుంది. మంగళగిరి స్థలం 2004లో నాలుగు లక్షలకు కొన్నావు. ఇవాళ అరవై లక్షలు పలుకుతుందన్నావు. అమ్మాయికి రాసిచ్చాక తను అమ్మితే లాభం ఎంత? అరవైలోంచి సున్నా తీసేసి కాదు, నువ్వు పెట్టిన నాలుగు తీసేసి. దానంలో పుచ్చుకున్నవాళ్ళకు ఇచ్చినవాడి కొనుగోలు ధరే వస్తుంది, నువ్వు అట్టిపెట్టుకున్న ఏళ్ళు కూడా వాళ్ళ లెక్కలోకి వస్తాయి. యాభై ఆరు లక్షల లాభం మీద 12.5 శాతం చొప్పున ఏడు లక్షలు. సర్‌ఛార్జి, సెస్సు వేరు. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తులకు, ఇక్కడ నివాసమున్నవాళ్ళకు, ధరల పెరుగుదలను తీసేసి 20 శాతం కట్టే పాత దారి కూడా ఉంది. ఏది తక్కువో ఆడిటరుతో లెక్క వేయించాలి. వీలునామాతో వచ్చినా ఇదే లెక్క కాబట్టి ఇక్కడి పన్ను వరకు దానానికీ వీలునామాకూ తేడా లేదు. ఎటైనా నువ్వు చేయాల్సింది ఒకటుంది. కొన్నప్పటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఇల్లు కట్టిన బిల్లులు ఒక సంచిలో పెట్టి పిల్లలకు ఎక్కడున్నాయో చెప్పు. తెనాలి ఇంటి స్థలం 2001కి ముందు కొన్నది కనుక 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ధరగా తీసుకోవచ్చు. ఆనాటి రిజిస్ట్రేషన్ విలువ దాటకూడదు. ఆ విలువ ధ్రువపత్రం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇప్పుడే తీయించి పెట్టు.

అబ్బాయి అమెరికాలో ఉండటం వల్ల మూడు సంగతులు అదనం. మొదటిది పొలం. విదేశాల్లో స్థిరపడినవాళ్ళు, మన పౌరసత్వమే ఉన్నా సరే, వ్యవసాయ భూమిని కొనకూడదు, దానంగా కూడా పుచ్చుకోకూడదు. ఇళ్ళూ ఇళ్ళ స్థలాలూ బంధువుల దగ్గర్నుంచి పుచ్చుకోవచ్చు. పొలం మాత్రం వారసత్వంగానే రావాలి. అంటే అబ్బాయికి పొలం దాన సెటిల్‌మెంటు రాయడమే విదేశీ మారకపు నిబంధనలకు విరుద్ధం. దస్తావేజు రాసే రోజున ఎవరూ అడక్కపోవచ్చు. అమ్మి ఆ డబ్బు డాలస్‌కు పంపేటప్పుడు బ్యాంకు అడుగుతుంది.

రెండోది, అమెరికాలో పన్ను కట్టేవాళ్ళు అక్కడివాళ్ళు కాని తల్లిదండ్రుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు మించి పుచ్చుకుంటే ఫారం 3520 దాఖలు చేయాలి. వారసత్వంగా వచ్చినా చేయాలి. పన్నేమీ ఉండదు, తెలియజేస్తే చాలు. తెలియజేయకపోతే మాత్రం ఆ విలువలో నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా వేసే అధికారం వాళ్ళకుంది. మూడోది, ఇల్లు దానంగా వస్తే అమెరికా లెక్కలోనూ నీ పాత ధరే అతని ధర. వారసత్వంగా వస్తే నువ్వు పోయిన నాటి మార్కెట్ విలువ అతని ధర అవుతుంది. ముప్ఫై ఏళ్ళ పెరుగుదల మీద అక్కడి పన్ను ఆ మేరకు తప్పుతుంది. ఇక్కడి పన్ను ఎలాగూ తప్పదు. ఒక్క అబ్బాయి కోసం చూసినా, ఇల్లు ఇప్పుడు రాయడం కంటే వీలునామాలో పెట్టడమే మేలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇల్లు ఇప్పుడే అబ్బాయికి ఇచ్చేస్తే అతని వాటా అయిపోయినట్టేనని, స్థలం ఇచ్చేస్తే అమ్మాయి వాటా అయిపోయినట్టేనని నువ్వు అనుకుంటున్నావు. మన వారసత్వ చట్టంలో అలాంటి లెక్క లేదు. హిందూ మగవాడు వీలునామా రాయకుండా పోతే అతని స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లి ఉంటే తల్లికి సమానంగా వెళ్తుంది. అమ్మ ఎలాగూ లేదు కాబట్టి నీ విషయంలో మూడు సమభాగాలు. బతికుండగా ఎవరికెంత ఇచ్చావో చూసి ఆ భాగాల్లోంచి కోసే నిబంధన ఆ చట్టంలో ఎక్కడా రాయలేదు. ఎనభై లక్షల ఇల్లు అబ్బాయికి ముందే ఇచ్చి, నలభై లక్షలు బ్యాంకులో వదిలి నువ్వు కన్నుమూశావనుకో. ఆ నలభైలో కూడా అబ్బాయికి మూడో వంతు వస్తుంది. అమ్మాయి అడిగినా చట్టం ఆ ఎనభైని లెక్కలోకి తీసుకోదు.

ఇదే సూత్రం అటువైపు నుంచి కూడా పనిచేస్తుంది. కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం, పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చాం, ఇంక ఆడపిల్లకు ఏం వాటా అని మన జిల్లాలో ప్రతి ఇంటా అనే మాటే. పెళ్ళి ఖర్చు వాటాలోంచి తీసేసే లెక్క ఏ కోర్టులోనూ నిలవదు. పసుపు కుంకుమ కింద నోటిమాటతో ఇచ్చిన పొలాల మీద మన రాష్ట్రంలో నడిచినన్ని దావాలు మరిదేని మీదా నడవలేదేమో అనిపిస్తుంది నాకు. స్థిరాస్తి ఇవ్వదలిస్తే ఇద్దరు సాక్షులతో రిజిస్టరు దస్తావేజు రాయాలి, పుచ్చుకునేవాళ్ళు నీ జీవితకాలంలోనే ఒప్పుకోవాలి. మాటగా ఇచ్చిన పొలం ఇచ్చినవాడి నోట్లోనే ఉంటుంది.

అయితే అమ్మాయి చేత, నాకింకేమీ వద్దు అని ఇప్పుడే కాగితం రాయించుకుంటానంటావేమో. తండ్రి బతికుండగా అతని స్వార్జితంలో కూతురికి హక్కే లేదు, రేపు రావచ్చునన్న ఆశ ఉంది అంతే. ఆశను వదులుకుంటూ రాసిన కాగితం మామూలుగా చెల్లదు. హక్కు విడుదల దస్తావేజు హక్కు పుట్టాక రాసేది. పిల్లలకు ఇచ్చినవి వాటాలో కలవాలని నీకుంటే నువ్వే వీలునామాలో రాయాలి. ఫలానా తేదీన ఫలానాది ఇచ్చాను, దాన్ని దృష్టిలో పెట్టుకునే మిగిలినది ఇలా పంచుతున్నాను అని. ఆ ఒక్క వాక్యం నీ పిల్లల మధ్య తగువు ఆపగలదు. నువ్వు ఇచ్చే ఇల్లు ఆపలేదు.

పొలం విషయంలో అంతకంటే లోతుంది. అది నీ స్వార్జితం కాదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి. 1991లో నాన్నా నువ్వూ రిజిస్టరు పంపకం చేసుకుంటే నీ భాగానికి వచ్చింది. మనవైపు 1985లోనే, దేశంకంటే ఇరవై ఏళ్ళు ముందుగా, ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు మాత్రం ఇవ్వలేదు. నాకు 1983లోనే పెళ్ళయింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్ళయినవాళ్ళకూ ఇచ్చింది గాని, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన రిజిస్టరు పంపకాలను కదపలేదు. కాబట్టి నా వల్ల నీకు చిక్కు లేదు, మరదలు నిశ్చింతగా ఉండొచ్చు.

చిక్కు నీ కూతురి వైపు నుంచి ఉంది. పంపకంలో నీకు వచ్చిన భాగం నీ పిల్లల దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ఉమ్మడి ఆస్తే. అందులో అబ్బాయికీ అమ్మాయికీ పుట్టుకతోనే నీతో సమానంగా వాటా ఉంది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేడా అన్న సందేహం కూడా 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదే. ఇంకొకటి, విడిపోని ఉమ్మడి ఆస్తిలో తన వాటాను మిగతా వాటాదారుల ఒప్పుదల లేకుండా దానం చేస్తే అది చెల్లదని 1987లోనే సుప్రీంకోర్టు అంది. మన ఆంధ్ర నుంచి వెళ్ళిన కేసే అది. మూడెకరాలూ అబ్బాయికి దానం రాస్తే విదేశీ నిబంధన ఒకవైపు, అమ్మాయి పుట్టుక హక్కు ఇంకోవైపు ఆ దస్తావేజును కొట్టేస్తాయి. ముందు మీ ముగ్గురూ పంపకం రిజిస్టరు చేసుకోండి, ఆ తర్వాత నీ భాగం నీ ఇష్టం. నీ వాటాను వీలునామాలో పెట్టడానికి మాత్రం చట్టం ఇప్పుడు కూడా అడ్డు చెప్పదు.

అమ్మాయికి స్థలం రాసేటప్పుడు తెలుసుకోవాల్సింది ఒకటుంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఉన్న స్త్రీ బిడ్డల్లేకుండా, వీలునామా లేకుండా పోతే ఆ ఆస్తి పుట్టింటివైపు తిరిగి వస్తుంది. దానంగా వచ్చినదానికి ఆ నియమం వర్తించదు. అది భర్తకు, ఆ తర్వాత భర్త వారసులకు పోతుంది. మనవరాలుంది కాబట్టి ఇది నీకు వెంటనే తగిలేది కాదు. అయినా సొంత పేర ఆస్తి ఉన్న ప్రతి ఆడపిల్లా తన వీలునామా తను రాసుకోవాలన్నది నా మాట. అమ్మాయికి నేనే చెబుతాను. దస్తావేజులో కూడా అమ్మాయి సర్వహక్కులతో స్వార్జితంగా అనుభవించేట్టు అని స్పష్టంగా రాయించు. తండ్రి ఇచ్చింది బిడ్డ సొంతమా, బిడ్డ కుటుంబానిదా అన్నది ఇచ్చినవాడి ఉద్దేశాన్ని బట్టేనని 1953లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్దేశం రాతలో లేకపోతే లాయర్లు వెతుక్కుంటారు.

ఇంతదూరం వచ్చాక నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఇల్లు ఎవరికి, పొలం ఎవరికి, డబ్బు ఎవరికి అన్నీ ఉన్నాయి. మరదలి పేరు ఎక్కడా లేదు. వీలునామా రాయకుండా నువ్వు పోతే చట్టమైనా ఆమెకు పిల్లలతో సమానంగా ఇచ్చేది. అన్నీ ముందే పంచేస్తే ఆమె చేతిలో పింఛను తప్ప ఏమీ మిగలదు. సొంతిల్లు కొడుకు పేర మారాక, ఆ ఇంట్లోనే ఆమె అద్దె లేని అతిథి అవుతుంది. మేనల్లుడు మంచివాడే, కాదనను. కానీ ఆస్తి రాసేటప్పుడు ఇవాళ్టి మంచితనాన్ని మాత్రమే చూడకూడదు. అతను ముందు పోతే ఇల్లు అతని వారసులది అవుతుంది. అతనికి అప్పు పడితే ఇల్లు అప్పులవాళ్ళ చేతికి పోవచ్చు. అతనూ కోడలూ విడిపోతే ఆ లెక్క అమెరికా కోర్టు దాకా పోవచ్చు.

ఒకసారి రిజిస్టరయి, ఒప్పుకున్నాక దానాన్ని నీ ఇష్టానుసారం రద్దు చేసుకోలేవు. కొడుకు పలకరించడం లేదని, మనసు మారిందని రద్దు దస్తావేజు రాయించుకొస్తానంటే చట్టం ఒప్పుకోదు. ఇవ్వక తప్పదనుకుంటే రెండు రక్షణలు పెట్టించుకో. ఒకటి, నువ్వూ మరదలూ బతికున్నంతకాలం ఇంట్లో ఉండే హక్కు, అద్దె వసూలు చేసుకునే హక్కు మీకే ఉంచుకుంటూ రాయడం. అలా అనుభవ హక్కు ఉంచుకున్నా దానం చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ మనవైపు కేసే. అయితే మీ చేతిలో ఉండేది అనుభవం, అమ్మే హక్కు కాదని గుర్తుంచుకో.

రెండోది, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం. తనను చూసుకోవాలన్న షరతు మీద వృద్ధులు ఆస్తి ఇచ్చినప్పుడు, పుచ్చుకున్నవాళ్ళు ఆ పని చేయకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్ వింటుంది. కానీ ఆ షరతు ఉండాలి. ప్రేమతో ఇచ్చాడన్నంత మాత్రాన షరతు ఉన్నట్టు కాదని, ఉందని చూపించాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరి 2న ఇంకో కేసులో అదే కోర్టు, చూసుకుంటానన్న మాట కాగితం మీద ఉన్న ఒక తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. రెండు తీర్పులూ కలిపి చదివితే తేలేది ఒకటే. తిండి, వైద్యం, నివాసం చూసుకోవాలన్న మాట దస్తావేజులోనే ఉండాలి. దస్తావేజు లేఖరి తన దగ్గరున్న పాత నమూనాలోంచి దించేస్తాడు, ప్రేమాభిమానాలతో అని ఒక ముక్క పెట్టి ముగిస్తాడు. నువ్వు అడిగి రాయించాలి. నా కొడుకు దగ్గర షరతా అని మొహమాటపడకు. అబ్బాయి నిజంగా చూసుకునేవాడైతే ఆ వాక్యం అతన్ని ఏమీ చేయదు.

ఇన్ని చిక్కుల ముందు వీలునామా ఎంత తేలికైనదో చూడు. ఇద్దరు సాక్షులు నీ సంతకం చూసి సంతకాలు చేస్తే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం రేపు ఎవరికైనా పుట్టించింది అనడం కష్టమవుతుంది. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చివరిదే చెల్లుతుంది. నువ్వున్నంతకాలం అన్నీ నీవే. మొదట అంతా మరదలికి, ఆమె తర్వాత పిల్లలకు అని పెట్టదలిస్తే, ఆమెకు ఇచ్చేది జీవితకాల హక్కా, అమ్ముకునే హక్కుతో సహా పూర్తి హక్కా అన్నది తేటగా రాయించు. నన్నడిగితే పూర్తి హక్కే ఇవ్వమంటాను. బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరుందిలే అని ఊరుకోకు. నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషే గాని, ఆ డబ్బు ఎవరిదో తేల్చేది వీలునామా, అది లేకపోతే వారసత్వ చట్టం. నామినీ పేరూ వీలునామాలోని పేరూ ఒకటే ఉండేట్టు చూసుకో.

బతికుండగా ఇవ్వడమే తప్పని నేననడం లేదు. అమ్మాయి ఇప్పుడు ఇల్లు కట్టుకోవాలనుకుంటోందిగా, స్థలం అవసరం ఇప్పుడే, నీ తర్వాత కాదు. ఆ స్థలం నీకూ మరదలికీ రోజు గడవడానికి అక్కర్లేనిది. అది రాసెయ్యి, సంతోషంగా రాసెయ్యి. ఇచ్చేదాంట్లో నేను చూసేది రెండే. పుచ్చుకునేవాళ్ళకు ఇప్పుడు అవసరమా, ఇచ్చాక మీ ఇద్దరికీ లోటు లేదా? స్థలం ఈ రెంటికీ నిలుస్తుంది. ఉంటున్న ఇల్లు, చేతిలో డబ్బు, పొలం ఏదీ నిలవదు.

కనుక ఈ వరసలో చెయ్యి. ముందు పాత దస్తావేజులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పొలం పాసుపుస్తకం తీసి దేనికది స్వార్జితమా, ఉమ్మడా అని ఒక కాగితం మీద రాసుకో. అబ్బాయిని, అమ్మాయిని ఒకే ఫోనులో కూర్చోబెట్టి, మరదలి ఎదుటే ఎవరికేమిస్తున్నావో ఎందుకిస్తున్నావో చెప్పు. విడివిడిగా చెప్పకు. ఒకరికి చెప్పింది రెండోవాళ్ళకు ఇంకోలా చేరుతుంది. తర్వాత స్థలం దస్తావేజు, ఆపైన వీలునామా. పొలం పంపకం సంగతి అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు. డాలస్ లెక్కలు అక్కడి ఆడిటరును అబ్బాయినే అడగమను.

వీలునామాకు సాక్షిగా నన్ను రమ్మని మాత్రం అడక్కు. నేను నీకంటే పెద్దదాన్ని. సాక్షులు నీకంటే వయసులో బాగా చిన్నవాళ్ళై ఉండాలి, వాటా ఆశించనివాళ్ళై ఉండాలి. మీ వీధిలో ఆ కుర్ర డాక్టరున్నాడుగా, అతన్ని అడుగు.

మరదలికి, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు
అక్క